కీటా (జర్మనీలో డే కేర్) ఫీజు ఎవరి జీతంలోంచి తీసేయాలి?

నాది జీతాల లెక్కలు చూసే ఉద్యోగం. హైదరాబాద్‌లో పేరోల్ పని చేశాను, ఇప్పుడు బెర్లిన్‌లో ఒక సరుకు రవాణా కంపెనీలోనూ అదే పని. నెల మూడో వారం వచ్చిందంటే స్క్రీన్ నిండా పేర్లు, గంటలు, కోతలు. అందులో టాక్స్ క్లాస్ అని ఒక కాలమ్ ఉంటుంది. పెళ్ళైనవాళ్ళ పేరు పక్కన 3, 4, 5 వీటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఆ కాలమ్‌ని వరసలో పెట్టి చూస్తే 3 దగ్గర డ్రైవర్లు, గోడౌన్ సూపర్‌వైజర్లు, ఐటీ వాళ్ళు, దాదాపు అందరూ మగవాళ్ళే. 5 దగ్గర ఆఫీసులో సగం పూట పనిచేసేవాళ్ళు, క్యాంటీన్ వాళ్ళు, దాదాపు అందరూ ఆడవాళ్ళే. చట్టంలో ఆడ, మగ అన్న మాటే లేదు. ఎవరు ఏ క్లాస్‌లో ఉండాలో భార్యాభర్తలే తేల్చుకుని రాసిస్తారు. అందరూ రాసిచ్చేది మాత్రం ఇలాగే.

తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. జర్మనీలో భార్యాభర్తలు కలిపి పన్ను కట్టొచ్చు. ఇద్దరి సంపాదనా కలిపి, రెండుతో భాగించి, ఆ సగం మీద పన్నెంతో చూసి, దాన్ని రెట్టింపు చేస్తారు. ఇద్దరి జీతాలూ సమానమైతే దీనివల్ల ఒక్క సెంటు కూడా లాభం ఉండదు. ఒకరే సంపాదించి ఇంకొకరు ఇంట్లో ఉంటే లాభం అన్నిటికన్నా ఎక్కువ. ఆ లాభం రిటర్న్ వేసేదాకా ఆగకుండా నెలనెలా చేతికి రావడానికే ఈ 3, 5 క్లాసులు. 2025లో ఒక మనిషికి ఏడాదికి 12,096 యూరోల దాకా పన్ను లేదు. భార్య 5లో ఉంటే ఆమెకు రావాల్సిన ఆ మినహాయింపు కూడా 3లో ఉన్న భర్త పేస్లిప్‌లోకి వెళ్ళిపోతుంది. ఆమెకు దాదాపు మొదటి యూరో నుంచే కోత మొదలవుతుంది. ఇద్దరూ 4లో ఉంటే (4-4) ఎవరి మినహాయింపు వాళ్ళకే.

మా అమ్మకి ఇది ఫోన్‌లో చెప్తే, "అదేమిటే, నీ మినహాయింపు కూడా అల్లుడుగారికేనా?" అంది. అమ్మ తెనాలిలో బ్లౌజులు కుడుతుంది. ఒక్క రూపాయి లెక్క తప్పదు.

రిటర్న్ వేశాక 3-5 అయినా, 4-4 అయినా ఇంటికి మిగిలే మొత్తం ఒకటే. నెలనెలా ఎక్కువ పట్టుకుంటే వెనక్కిస్తారు, తక్కువ పట్టుకుంటే కట్టమంటారు. కాబట్టి ఇదంతా ఒట్టి కాగితం గొడవేనని మా ఆఫీసులో ఒకాయన వాదిస్తుంటాడు. ఆయన 3లోనే ఉన్నాడు లెండి. నెలాఖరున ఖాతాలో పడిన అంకెను చూసే కదా ఇంట్లో ఎవరి ఉద్యోగం ముఖ్యమో, ఎవరిది "ఏదో కాలక్షేపం" అనేది తేలేది!

మా సంగతే చెప్తాను. 2021లో మేం స్టుట్‌గార్ట్ పక్కన ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయన జీతం 5,800, నాది 3,000. రెండూ కోతలకు ముందు లెక్క. తెలుగువాళ్ళందరూ చేసినట్టే మేమూ 3-5 తీసుకున్నాం. 4-4తో పోలిస్తే ఆయనకు నెలకి నాలుగొందలకు పైగా ఎక్కువ వచ్చేది, నాకు మూడొందలకు పైగా తగ్గేది. ఇంటికి మొత్తం మీద వందకు కాస్త ఎక్కువ మిగిలేది. ఆ వంద కోసం నా జీతం ఎంత చిన్నబోయిందంటే, ఇండియా నుంచి ఫోన్ చేసినవాళ్ళు ఎంతొస్తుందని అడిగితే కోతలకు ముందు అంకె చెప్పేసేదాన్ని.

ఈ క్లాస్ దెబ్బ జీతంతోనే పోదు. ఇక్కడ బిడ్డ పుట్టాక ప్రభుత్వం ఇచ్చే ఎల్టర్‌గెల్డ్‌ని ముందు ఏడాది చేతికొచ్చిన జీతాన్ని బట్టి కడతారు. మామూలుగా అందులో 65 శాతం. కనీసం 300, ఎంత పెద్ద జీతమైనా 1,800కి మించదు. చేతికొచ్చేదే తక్కువైతే ఆ 65 శాతమూ తక్కువే. 2022 మేలో పాప పుట్టింది. నాకు నెలకి వెయ్యి దాటి కాస్త వచ్చింది. 4లో ఉండి ఉంటే దాదాపు ఇంకో రెండొందలు వచ్చేవి. జీతంలో పట్టుకున్నదైతే రిటర్న్‌లో తేలిపోతుంది, ఇది మాత్రం తేలదు, పోయింది పోయినట్టే. నిరుద్యోగ భృతికీ ఇదే లెక్క. పిల్లల ఆలోచన ఉన్నవాళ్ళు ప్రసూతి సెలవు మొదలయ్యే నెలకి కనీసం 7 నెలల ముందే క్లాస్ మార్చుకోవాలి. పన్నుల శాఖ వాళ్ళ ఎల్స్టర్ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లోనే మార్చుకోవచ్చు. ఇప్పుడు ఎవరైనా కొత్త జంట భోజనానికి వస్తే కాఫీ ఇచ్చేలోపు ఈ ముక్క చెప్పేస్తాను. పెళ్ళై నెల కూడా కానివాళ్ళకి కూడా. మా ఆయన తల పట్టుకుంటారు.

అదే ఎల్టర్‌గెల్డ్‌లో ఒక మంచి కిటుకు కూడా ఉంది. తల్లి ఒక్కతే తీసుకుంటే 12 నెలలు. తండ్రి కూడా కనీసం రెండు నెలలు తీసుకుంటే మొత్తం 14 అవుతాయి. ఆ రెండూ తల్లికి బదిలీ కావు, ఆయన తీసుకోకపోతే మురిగిపోతాయి. 2007లో ఈ పద్ధతి పెట్టారు. ఊరికే వచ్చే డబ్బు మురిగిపోతుందంటే మన తెలుగువాళ్ళు ఊరుకుంటారా? మా ఆయన 2023 మే నుంచి జూలై దాకా ఇంట్లో ఉన్నారు, నేను సగం పూట పనికి వెళ్ళడం మొదలుపెట్టాను. పాప కోసం మెత్తగా పప్పన్నం కలపడం, మధ్యాహ్నం నిద్రపుచ్చడం, ముక్కు కారుతుంటే కీరా ముక్క ఇవ్వొచ్చో లేదో ఆలోచించడం, ఇవన్నీ ఆయనకు అప్పుడే వచ్చాయి. అంతకుముందు ఆరేళ్ళ కాపురంలో నేను చెప్పి చెప్పి నేర్పలేనిది ప్రభుత్వం రెండు నెలల్లో నేర్పింది. మొదటి వారం కుక్కర్ మూతకి రబ్బరు పెట్టకుండా స్టవ్ మీద పెట్టి, విజిల్ రావట్లేదేమిటని ఆఫీసుకి ఫోన్ చేశారు. రెండో నెలకి ఇంగువ అయిపోయిందని ఆయనే ఇండియన్ షాపుకి వెళ్ళొచ్చారు.

మరి ఆరు నెలలు ఎందుకు ఉండలేదంటారా? 1,800 పరిమితి దగ్గరే ఉంది జవాబు. క్లాస్ 3లో ఆయన చేతికొచ్చేది దాదాపు 3,900. ఇంట్లో కూర్చుంటే వచ్చేది 1,800. నెలకి రెండు వేలకు పైగా నష్టం. నేను ఇంట్లో కూర్చుంటే నష్టం అంతలో మూడో వంతు కూడా లేదు. అలాంటప్పుడు ఎవరు కూర్చుంటారో జాతకం చూడక్కర్లేదు. రెండు నెలలతో ఆపేసే తండ్రులందరికీ పిల్లలంటే ప్రేమ లేదనుకోవడం తప్పు. వాళ్ళకి కూడికలు, తీసివేతలు వచ్చు, అంతే.

ఆయన సెలవు జూలై మధ్యలో అయిపోయింది. కీటాలో సీటు సెప్టెంబర్ నుంచి. కీటా అంటే ఇక్కడి డే కేర్. ఏడాది నిండిన ప్రతి బిడ్డకీ సీటు హక్కని 2013 ఆగస్టు నుంచి చట్టం ఉంది. హక్కు ఉంది గానీ సీట్లు, టీచర్లు ఉండాలిగా. ఆ మధ్య సందుని మూసింది మా అత్తమ్మ. పాప పుట్టినప్పుడు అమ్మ వచ్చింది, ఇప్పుడు అత్తమ్మ. ఇక్కడి తెలుగు ఇళ్ళన్నిటిలో ఇదే వరస. విజిటర్ వీసా మీద 90 రోజులు ఒకరు, ఆ తర్వాత ఇంకొకరు. ఇన్సూరెన్స్, టికెట్లు, వీసా ఖర్చు అన్నీ కలిపినా ఒక ఆయాని పెట్టుకోవడం కంటే చవకే. అంత చవకగా ఎందుకు పడుతోందో ఎవరూ అడగరు. అమ్మ వచ్చిన ఆ మూడు నెలలూ పెళ్ళిళ్ళ సీజన్. ఏళ్ళ తరబడి అమ్మ దగ్గరే కుట్టించుకున్న రెండు మూడు ఇళ్ళవాళ్ళు పక్క వీధి టైలర్‌కి అలవాటు పడ్డారు. తిరిగెళ్ళాక అమ్మ వాళ్ళని మళ్ళీ రప్పించుకోవడానికి దసరా దాకా ఫాల్స్ ఊరికే కుట్టిపెట్టింది. జర్మనీ బడ్జెట్‌లో ఒక కీటా సీటు ఖర్చు మిగిలింది, తెనాలిలో ఒక కుట్టుమిషన్ ఆగింది. ఆ లెక్క ఏ దేశం జీడీపీలోనూ తేలదు. నేను ఆ మాటంటే అమ్మకి కోపం: "మనవరాలి దగ్గర కూలి లెక్కేంటే, పిచ్చి మొహమా!"

సెప్టెంబర్‌లో కీటా మొదలైంది. మా ఊళ్ళో మూడేళ్ళ లోపు పిల్లలకి నెలకి 420, భోజనానికి ఇంకో 90. పొద్దున ఏడున్నర నుంచి మధ్యాహ్నం ఒకటిన్నర దాకా. ఆ రాష్ట్రంలో ఫీజు ఏ ఊరికి ఆ ఊరే పెట్టుకుంటుంది. వారానికి 20 గంటల పనికి నా చేతికొచ్చేది 1,100 చిల్లర. అందులో 510 తీసేస్తే ఆరొందలు. రైలు పాస్ తీసేస్తే ఇంకా తక్కువ. "దీనికోసం అంత హడావిడి ఎందుకు, రెండేళ్ళు ఇంట్లో ఉండొచ్చుగా" అని మా ఆయనా అన్నారు, మా పెద్దాడపడుచూ అంది. కోపంగా అన్నమాట కాదు. నేను ఆఫీసులో కంప్యూటర్ కట్టేసి స్టేషన్‌కి పరిగెత్తడం చూసి జాలిపడి అన్నదే.

నాకు పట్టుకున్నది ఇంకొకటి. ఆ 510ని నా 1,100లోంచే ఎందుకు తీసేస్తున్నాం? పాప ఇద్దరిదీ. అది కీటాకి వెళ్తేనే ఆయనా ఆఫీసుకి వెళ్ళగలుగుతున్నారు. కానీ ఏ ఇంట్లో చూసినా కీటా ఫీజు అమ్మ జీతంలోంచే తీసి, మిగిలింది ఎంతో చూసి, ఆ ఉద్యోగం ఉండాలా వద్దా అని తేలుస్తారు. అద్దెని అలా తీసేయరు. కారు వాయిదానీ అలా తీసేయరు. పైగా ఆ 1,100 నా అసలు జీతం కూడా కాదు, నా మినహాయింపు ఆయన స్లిప్‌లో పెట్టి వచ్చిన తర్వాత మిగిలింది. పింఛను ఖాతాలో నెలనెలా పడేది, అనుభవం, జర్మన్‌లో ఫోన్ ఎత్తి భయం లేకుండా మాట్లాడగలగడం ఇవేవీ ఆ ఆరొందల్లో లేవు.

ఈ పద్ధతి వెనక కథ కూడా తెలుసుకున్నాను. అంతకుముందు భార్యాభర్తల సంపాదన కలిపి, భాగించకుండా, మొత్తం మీద పెద్ద రేటు వేసేవాళ్ళు. అంటే భార్య ఉద్యోగం చేస్తే ఇంటికి శిక్షే. దాని వల్ల ఆడవాళ్ళు ఇంటికి తిరిగి వెళ్తారన్నది కూడా అప్పట్లో సమర్థనగా చూపించారట. 1957 జనవరిలో కార్ల్స్‌రూహెలోని రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదని కొట్టేసింది. దాని బదులు 1958లో వచ్చిందే ఈ సగం చేసి రెట్టింపు చేసే పద్ధతి. శిక్ష పోయింది గానీ ఇంట్లో కూర్చున్నందుకు బహుమతి మిగిలింది. ఆ కాలానికి అది సహజమే అనుకోవాలి. ఇంటి బాధ్యతలకు అడ్డురానంత వరకే భార్య ఉద్యోగం చేయవచ్చు అన్న వాక్యం పశ్చిమ జర్మనీ చట్టంలో 1977 దాకా ఉంది! స్వీడన్ మాత్రం 1971లోనే ఎవరి పన్ను వాళ్ళదే అనేసింది. ఇక్కడ 3, 5 క్లాసులు తీసేస్తామని 2024లో అప్పటి ప్రభుత్వం ముసాయిదా తెచ్చింది. నవంబర్‌లో ఆ కూటమే కూలిపోయింది, ఆ క్లాజూ దాంతోపాటే పోయింది.

మన దగ్గర ఆదాయపు పన్ను ఎవరిది వాళ్ళదే. ఈ ఒక్క విషయంలో మనం జర్మనీ కంటే మేలు. ఒకప్పుడు ఆడవాళ్ళకి మినహాయింపు కాస్త ఎక్కువ కూడా ఉండేది. చివరి ఏడాది మగవాళ్ళకి 1,80,000 అయితే ఆడవాళ్ళకి 1,90,000. 2012 బడ్జెట్‌లో అందరికీ 2,00,000 చేసి ఆ తేడా తీసేశారు. నేను పేరోల్‌లో చేరేనాటికి అది సీనియర్లు చెప్పుకునే ముచ్చట మాత్రమే. మరి పన్ను అడ్డం లేనప్పుడు మన దగ్గర ఆడవాళ్ళు ఎందుకు ఉద్యోగాలు మానేస్తున్నారంటే, ఖర్చు పెట్టాల్సిన చోట ప్రభుత్వం లేదు కాబట్టి. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు, చాలా మంచి పని. కానీ ఈఎస్ఐ కిందకి రాని ఉద్యోగికి ఆ జీతమంతా కంపెనీయే ఇవ్వాలి. హైదరాబాద్‌లో నేను పనిచేసే రోజుల్లో, ఇంటర్వ్యూకి వచ్చిన అమ్మాయిని పెళ్ళైందా, పిల్లలున్నారా అని అడగడం మామూలు. జర్మనీలో కూడా ప్రసూతి సమయంలో జీతంలో పెద్ద భాగం కంపెనీయే ఇస్తుంది. అయితే ఆ డబ్బు దానికి తిరిగి వచ్చేస్తుంది. అందుకోసం దేశంలోని యజమానులందరూ ప్రతి ఉద్యోగి జీతం మీదా చిన్న శాతం ఒక నిధికి కడతారు. మగవాళ్ళ జీతం మీద కూడా. ఒక్క మగాణ్ణే పనిలో పెట్టుకున్నా ఆ వాటా తప్పదు, కాబట్టి అమ్మాయిని తీసుకోకపోతే మిగిలేదేమీ ఉండదు. నెలనెలా ఆ వాటాని లెక్కకట్టి పంపేది నేనే, ఎంతో బుద్ధితో కట్టిన పద్ధతనిపిస్తుంది.

2024 వేసవిలో మా ఆయనకి బెర్లిన్ ట్రాన్స్‌ఫర్ వచ్చింది. అద్దె చూసి కళ్ళు తిరిగాయి. కీటా కాంట్రాక్ట్ చూసి ఇంకోసారి తిరిగాయి. బెర్లిన్‌లో 2018 ఆగస్టు నుంచి కీటా ఫీజే లేదు. భోజనానికి నెలకి 23 యూరోలు, అంతే. మా కీటా సాయంత్రం ఐదు దాకా ఉంటుంది. సీటు దొరికేదాకా పడిన టెన్షన్ వేరే పోస్టుకి సరిపడా ఉంది, అది వదిలేద్దాం. తూర్పు జర్మనీ రోజుల నుంచీ ఈ వైపు తల్లులు పనిచేయడం, పిల్లలు పగలంతా కీటాలో ఉండడం అలవాటే. ఇక్కడి పక్కింటి ముసలావిడ నన్ను "పాపం, పనికి వెళ్తున్నావా" అని ఎప్పుడూ అడగలేదు. అక్కడ ఆ మాట మెట్ల మీద కనపడ్డ ప్రతిసారీ వినేదాన్ని.

అప్పటికి నా చదువు అదే, నా ఓపిక అదే, నా జర్మన్ కూడా పెద్దగా పెరిగిందేమీ లేదు. కానీ వారానికి 20 గంటల దాన్ని 32 గంటలకి మారాను. 4-4 కూడా రాసిచ్చేశాం. ఇప్పుడు నా స్లిప్ చూస్తే అది నా జీతంలాగే ఉంటుంది. కీటా నుంచి "పాపకి జ్వరం, వచ్చి తీసుకెళ్ళండి" అని ఫోనొస్తే ఎవరు వెళ్ళాలన్నది ఇప్పుడు చర్చించుకునే విషయం. ఇదివరకు చర్చే లేదు, నా గంట చవక కాబట్టి నేనే వెళ్ళేదాన్ని.

ఈ 23 యూరోల కీటా ఆకాశంలోంచి ఊడిపడలేదని నాకు తెలుసు. స్టుట్‌గార్ట్ ఆఫీసులో నా పక్క సీటు ఆవిడకి బెర్లిన్ పేరెత్తితే ఒళ్ళు మండేది. డబ్బున్న రాష్ట్రాల నుంచి లేని రాష్ట్రాలకి సర్దే ఏర్పాటు ఒకటి ఉంది. అందులో అందరికంటే ఎక్కువ తీసుకునేది బెర్లినే. ఇచ్చేవాళ్ళలో బవేరియాతో పాటు మేమున్న బాడెన్-వుర్టెంబెర్గ్ కూడా ఉంది. "నా పిల్లాడికి నేను ఫీజు కట్టాలి, వాళ్ళ పిల్లలకీ నేనే కట్టాలి" అనేది. ఆవిడ బాధలో న్యాయం ఉంది. మా లాంటి రెండు జీతాల ఇంటికి కూడా మొత్తం ఉచితం ఎందుకు, ఆ డబ్బుతో ఇంకో నలుగురు టీచర్లని పెట్టొచ్చుగా అని నాకే అనిపిస్తుంటుంది. మా కీటాలో మనుషులు చాలక నెలలో ఏదో ఒకరోజు "మధ్యాహ్నమే తీసుకెళ్ళండి" అని మెసేజ్ వస్తుంది. ఆ రోజు ఉచితం ఎవరికీ అక్కరకి రాదు.

32 గంటలయ్యాక ఇల్లు తుడవడానికి మనిషిని పెట్టుకున్నాం. కంపెనీ ద్వారా, బిల్లుతో, బ్యాంకు ద్వారా చెల్లింపు. అలా అయితే ఖర్చులో 20 శాతం, ఏడాదికి 4,000 దాకా, పన్నులో తగ్గిస్తారు. నోట్లు చేతిలో పెడితే ఒక్క సెంటూ తగ్గదు. ఇంటిపనిని దొంగచాటు నుంచి రసీదులోకి లాగడానికే ఆ నిబంధన. వచ్చే ఆవిడది బల్గేరియా, వాళ్ళాయన లారీ నడుపుతాడు. మొన్న జనవరిలో, వారానికి ఇంకో రెండు గంటలు ఎక్కువ రాగలవా అని అడిగాను. వంటగదిలో చేతి తొడుగులు తీసి, ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి చూపించింది. 603ని 13.90తో భాగించింది. 43 చిల్లర. 2026లో మినీజాబ్ (చిన్న జీతానికి చేసే ఉద్యోగం) పరిమితి నెలకి 603 యూరోలు, కనీస వేతనం గంటకి 13.90. అంటే నెలకి 43 గంటలు. అది దాటనంత వరకు ఆమె జీతంలోంచి పన్ను పోదు, భర్త ఆరోగ్య బీమాలో ఉచితంగా ఉండొచ్చు. దాటితే సొంత బీమా వాటా, దాదాపు మొదటి యూరో నుంచి క్లాస్ 5 కోత. "44వ గంట నాకు నష్టం" అంది. గంటలు పెంచుకునే ఓపిక ఆమెకుంది, పని ఇచ్చే ఇళ్ళున్నాయి, అయినా ఆగిపోయింది. ముసలితనంలో ఆ 43 గంటల మీద వచ్చే పింఛను కూరగాయలకి కూడా చాలదు. ఆ సంగతి ఆమెకి నేను చెప్పక్కర్లేదు, నాకంటే బాగా తెలుసు.

నా 32 గంటలు ఆమె 43 గంటల మీద నిలబడ్డాయన్నది కాదనలేను. నాకు పనిలో పైకి వెళ్ళమని ఒక నిబంధన, ఆమెకి కదలొద్దని ఇంకో నిబంధన.

వంట సంగతీ చెప్పుకోవాలి కదా. ఇక్కడ హోటల్లో కూర్చుని తిన్న తిండి మీద పన్ను కరోనా టైంలో 7 శాతానికి తగ్గించారు, 2024 జనవరిలో మళ్ళీ 19 చేశారు, 2026 జనవరి నుంచి మళ్ళీ 7. అలసిపోయిన రోజు దోసె తినడానికి మేం వెళ్ళే చోట 19 అయినప్పుడు ధర పెరిగింది. 7 అయినప్పుడు మెనూ కార్డు మార్చడం మర్చిపోయినట్టున్నారు. పిల్లల డైపర్ల మీద మాత్రం 19 శాతమే. రాత్రి వంట సోమ, బుధ, శుక్రవారాలు ఆయనది. ఆ రెండు నెలల ట్రైనింగ్ వృథా పోలేదు.

తెనాలిలో ఉండే మా వదిన గుంటూరులో ఒక బట్టల షాపులో బిల్లింగ్ చూస్తుంది. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి మొదలయ్యాక పల్లెవెలుగులో ఆధార్ చూపించి జీరో టికెట్ మీద వెళ్తోంది. అంతకుముందు రానుపోను ఛార్జీలకే జీతంలో కనపడేంత పోయేది. "ఈ జీతానికి గుంటూరు దాకా ఎందుకు, ఇంటి దగ్గరే ఏదైనా చూసుకో" అని మా అన్నయ్య అంటుండేవాడు. అచ్చం మా ఇంట్లో విన్న మాటే. ఇప్పుడా మాట మానేశాడు. ఉచిత బస్సుని తిట్టేవాళ్ళ వాదనలు నేనూ వింటాను. సీటు దొరకడం లేదు, నిజమే. ఆటోవాళ్ళ బేరాలు పడిపోయాయి, అదీ నిజమే, వాళ్ళకి వేరే ఏదైనా చేయాల్సిందే. కానీ ఒక మనిషి ఉద్యోగం ఉండాలా ఊడాలా అన్నది టికెట్ డబ్బుల దగ్గర తేలిన ఇల్లు నాకు తెలుసు కాబట్టి, ఆ పథకాన్ని వట్టి తాయిలం అనలేను. టికెట్ పోయింది గానీ పొద్దున ఐదింటికి లేచి టిఫినూ, క్యారేజీలూ చేయడం వదినకి పోలేదు. మన దేశంలో 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు చేస్తున్నట్టు తేలింది. మా అన్నయ్య ఆ 88లో ఎక్కడ సరిపోతాడో వదినని అడిగితే నవ్వింది.

స్టుట్‌గార్ట్‌లో ఉన్న నా స్నేహితురాలి బాబు ఈ సెప్టెంబర్‌లో ఒకటో తరగతిలో చేరతాడు. జర్మనీలో ప్రైమరీ స్కూలు చాలా చోట్ల మధ్యాహ్నానికే అయిపోతుంది, ఆ తర్వాత అమ్మ డ్యూటీ. 2026 ఆగస్టు నుంచి ఒకటో తరగతి పిల్లలకి పూటంతా చూసుకునే ఏర్పాటు హక్కు అవుతోంది, ఏడాదికో తరగతి చొప్పున పెరుగుతూ 2029-30 నాటికి నాలుగో తరగతి దాకా వస్తుంది. తనకి 30 గంటల ఉద్యోగం ఆఫర్ వచ్చింది. ఇప్పుడు ఉన్నది 15 గంటలు, క్లాస్ 5. మధ్యాహ్నం ఏర్పాటుకి ఫీజు ఉంటుందని వాళ్ళ ఊరివాళ్ళు చెప్పారు. "నీ జీతంలో అది పోగా ఏం మిగులుతుందో చూడు" అని వాళ్ళాయన అన్నాడట. మొన్న ఆదివారం వీడియో కాల్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి నేనే ఎక్సెల్ తెరిచాను. ముందు క్లాసులు 4-4 చేశాను. తర్వాత ఆ ఫీజుని ఇద్దరి జీతాల్లోంచీ ఎవరి వాటా ప్రకారం వాళ్ళకి తీసేశాను. పక్క గడిలో ఆమె పింఛను ఖాతాకి ఏడాదికి ఎంత చేరుతుందో పెట్టాను. వాళ్ళాయన కళ్ళజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అయితే నా జీతం తగ్గుతుంది కదండీ?" అన్నాడు.

"ఆమెది ఇన్నాళ్ళూ తగ్గింది కదండీ" అన్నాను.